లైన్ బతికే ఉంది

"ఇయ్యనంటే ఇయ్య. నా పానం పోయినంక తీసుకో."

పొద్దుటి నుంచి సారక్క నోట ఇంకో మాట లేదు. సందూకు తాళంచెవిని బొడ్లో దోపుకుని, వసారాలో పీట వేసుకుని గోంగూర కట్టలు కడుతూ కూర్చుంది. రేకుల మీద వాన దబదబ కొడుతోంది. ఇలాంటి వానలో బాబుపేట్ సంతకు ఎవరూ రారని ఆమెకూ తెలుసు. అయినా కట్టలు కడుతూనే ఉంది. చేతులు ఊరికే ఉంటే కోడలి మీదికి లేస్తాయేమోనని తన మీద తనకే అనుమానం.

కోడలు ఉజ్వల గడపలో నిలబడి ఉంది. పొద్దున తాగిన చాయ్ తప్ప ఆమె కడుపులో ఏమీ పడలేదు.

"అత్తమ్మా, రేపు పొద్దుగాల బల్లార్షాల బండెక్కాలె. సోమవారం పుణెల చేరాలె. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపియ్యకుంటే నా సీటు ఇంకొకరికి ఇస్తరు. మీకు తెల్వనిదా?"

"నాకేం తెలుసు? ఆకుకూరలు అమ్ముకునేదాన్ని. తెలివిగలోళ్ళు మీరు."

"మొన్నటిదాక మీరే గదా, నా కోడలు డాక్టరైతదని వాడంత చెప్పుకున్నరు?"

"చెప్పుకున్న. బుద్ధి లేక చెప్పుకున్న."

చెప్పుకున్న మాట నిజమే. ఎమ్మెస్సీ చదివి, జూనియర్ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పుకునే కోడలు పెద్ద పరీక్ష రాసి గెలిచింది. మెదడులో పుట్టే గడ్డల మీద పరిశోధన. పీహెచ్‌డీ అయ్యేదాకా ఫీజు లేదు సరికదా, నెలనెలా వాళ్ళే ఫెలోషిప్ ఇస్తారు. ఆ కబురు తెలిసిన రోజు సారక్క సంతలో పక్కన కూర్చునే గంగవ్వకు పాలకూర ఉత్తినే ఇచ్చింది. కొడుకు సచిన్ పోయిన తర్వాత ఆ ఇంట్లో నలుగురికీ వినబడేట్టు నవ్వింది ఆ రోజే.

అలాంటి మనిషి నిన్న మధ్యాహ్నం ఉన్నట్టుండి కోడలి సర్టిఫికెట్లున్న సందూకుకు తాళం వేసింది. ఎందుకో చెప్పదు.

"ఒక్క మాట చెప్పుండ్రి. నేనేం తప్పు చేసిన?"

"తప్పు చేసినోళ్ళకు ఒకరు చెప్పాల్నా?"

"మా గైడ్ ఫోన్ చేస్తే ఏం చెప్పాలె నేను?"

సారక్క చేతిలో కట్ట ఆగింది.

"గైడ్! సచిన్‌గాడు బడికి పోయేటప్పుడు నేనూ కొనిచ్చిన గైడ్లు. అల్మారల పడి ఉండేటియి పాపం, ఒక్కటన్న నోరెత్తి మాట్లాడలే. నీ గైడ్ ఒక్కటే ఫోన్లు చేస్తది."

"గైడ్ అంటే పుస్తకం కాదత్తమ్మా. మాకు పరిశోధన నేర్పే సారు."

"ఓహో, సారు." సారక్క ఆ మాటను కాసేపు నమిలింది. "మగసారు."

ఉజ్వల లోపలికి వెళ్ళిపోయింది.

ముందు గదిలో మంచం మీద లచ్చయ్య దగ్గాడు. లాల్‌పేట్ బొగ్గు గనిలో ఒళ్ళు అరగదీసి రిటైరైన మనిషి. ఆ దగ్గు గని ఇచ్చిందే, కాదనలేం. కాకపోతే ఇంట్లో గొడవ లేచినప్పుడల్లా అది కాస్త ఎక్కువవుతుంది. ఆ దగ్గు చాటున మొగుడు ఎన్ని పంచాయితీలు తప్పించుకున్నాడో సారక్కకు బాగా తెలుసు.

"దగ్గు, మంచిగ దగ్గు," అంది లోపలికి వినబడేలా. "అడిగినదానికి జవాబు లేకున్నా, దగ్గు మాత్రం తయ్యారుగ ఉంటది."

మధ్యాహ్నానికి మాధవి వచ్చింది. సచిన్ చెల్లెలు. కోఠారిలో ఇచ్చారు. తల్లి ఫోనులో "జల్ది రా" అని తప్ప మరో ముక్క చెప్పకపోయేసరికి, ఎవరికో ఏదో అయిందనుకుని గొడుగు కూడా మరిచి బస్సెక్కింది. తడిసి ముద్దయి వాకిట్లో అడుగు పెట్టింది.

"కాయ్ ఝాలం అవ్వా? ఏమైంది? బాపుకు మంచిగున్నదా?"

"మీ బాపుకేం, రాయి లెక్కున్నడు. నువ్వు లోపలికి రా."

వదినెను పలకరించే సందు కూడా ఇవ్వకుండా కూతురి రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది. తలుపు దగ్గరికి వేసింది. పొయ్యి గట్టు మీద ఉన్న గిన్నెలన్నీ చెవులున్నవే అన్నట్టు గొంతు తగ్గించింది.

"నిన్న గీ పిల్ల లాల్‌పేట్‌ల వాళ్ళ చిన్నమ్మను కలిసొస్తనని పోయింది. ఫోన్ చార్జింగుకు పెట్టి మరిచింది. మోగుతుంటే నేనెత్తిన. హలో అన్ననో లేదో, మగ గొంతు. వాన చప్పుడుకు నేనే ఉజ్వల అనుకున్నడేమో, ఎవరని గూడ అడగలే. బడబడ ఒక మాట చెప్పి పెట్టేసిండు."

"ఏమని?"

సారక్క తలుపు సందులోంచి ఒకసారి బయటికి చూసింది. ఆ మరాఠీ మాట విన్న దగ్గర నుంచి ఆమె నిద్రలో కూడా వల్లె వేసుకుంటోంది.

"లైట్ గేలీ హోతీ, పణ్ సచిన్‌చీ లైన్ జివంత్ ఆహే."

కరెంటు పోయింది, కానీ సచిన్ లైన్ బతికే ఉంది.

మాధవి తల తుడుచుకుంటున్న తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"లైనా? అగ బాయీ! అవ్వా, మా కోఠారిల పోరగాండ్లు లైన్ కొడుతుండ్రంటే ఏందో నీకు తెల్వదా? వదినె వయసెంత? చిన్నదే గదా. పుణె పోతనని ఊకెనే అంత తొందర పడుతుందా?"

"నీ మొఖం! లైన్ కొట్టేటోడు నా కొడుకు పేరెందుకు తెస్తడే?"

"మరి ఇంకేం లైన్?"

"నీ అన్న ఏం పని చేసేటోడో మరిచినవా?"

మాధవి మరిచిపోలేదు. సచిన్ కరెంటు లైన్‌మన్. కరెంటు పనుల కాంట్రాక్టు పట్టే ఠేకేదారు ఓంప్రకాష్ కింద పనిచేసేవాడు. ఒకరోజు స్తంభం మీద పని చేస్తూ చేస్తూ కింద పడ్డాడు. లైన్ బందే ఉందనీ, పైన ఉండగానే ఫిట్స్ వచ్చి పడ్డాడనీ తోటివాళ్ళు చెప్పారు. ఆస్పత్రిలో తలకు స్కాన్ తీస్తే మెదడులో గడ్డ కనిపించింది. నాగపూర్‌కు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించారు. ఏడాది తిరక్కుండానే పోయాడు.

ఇది లోకం చెప్పుకునే కథ. సారక్క దీన్ని ఒక్కనాడూ నమ్మలేదు. గుండులాంటి కొడుకు. తలనొప్పి అని ఒక్క గోలీ మింగని కొడుకు. వాడికి మెదడులో గడ్డ ఎట్లా వస్తుంది? ఎవడో చూసుకోకుండా లైన్ చాలూ చేశాడు, షాక్ కొట్టి నా కొడుకు పడ్డాడు, ఆ పాపం కప్పిపెట్టడానికి గడ్డ కథ అల్లారు. ఇదీ ఆమె నమ్మకం. ఓంప్రకాష్ చావుకు వచ్చి వెక్కి వెక్కి ఏడిస్తే ఆ ఏడుపులో కూడా ఆమెకు దొంగతనమే కనబడింది. నాగపూర్‌లో సచిన్ దగ్గర ఉన్నది మొగుడూ కోడలూ. ఇల్లూ సంతా చూసుకుంటూ తాను ఇక్కడే ఉండిపోయింది. అక్కడ ఎవరెవరు ఏమేం మాట్లాడుకున్నారో ఆమెకేం తెలుసు?

"కరెంటు పోయింది, కాని లైన్ బతికే ఉంది. గిదే గదా నేను రెండేండ్ల సంది మొత్తుకునేది!" సారక్క కూతురి మీదికి వంగింది. "బంద్ జేసినమన్నరు. బంద్ గాలే. లైన్‌ల కరెంటున్నది. గిప్పుడు వాళ్ళ నోటెంట వాళ్ళే చెప్తుండ్రు. అదీ ఎవరితోని? నీ వదినెతోని."

"వదినెకు తెలిసి దాచిపెట్టిందంటవా?"

"చదువుకోవాలంటే మనం ఫీజు కట్టాలె. నీకు కట్టిన, వానికి కట్టిన. చదువుకున్నందుకు నెలనెల ఎదురు పైసలిచ్చేటోడు లోకంల ఉన్నడా మాధవీ? అది చదువుకిచ్చేది కాదు. నోరు మూసుకున్నందుకు ఇచ్చేది."

మాధవి తువ్వాలు భుజం మీద వేసుకుంది. తన లైన్ కంటే తల్లి లైన్ భయంకరంగా ఉంది. నమ్మాలని లేదు, కానీ ఆ వాక్యం మాత్రం అచ్చం తల్లి చెప్పినట్టే అతుకుతోంది.

"అడుగుదాం," అంది చివరికి. "మొఖం మీదనే అడుగుదాం."

ఉజ్వల ముందు గదిలో నేల మీద కూర్చుని బట్టలు సర్దుకుంటోంది. తాళం వేసిన సందూకు పక్కనే బ్యాగు పెట్టుకుని చీరలు మడత పెడుతున్న ఆ మొండితనం చూస్తే సారక్కకు ఒళ్ళు మండింది. లచ్చయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"వదినె, ఒక మాటడుగుత. నిజం చెప్తవా?" అంది మాధవి.

"అడుగు."

"నీకు పైసలిచ్చేది ఎవరు?"

"ఎన్నిసార్లు చెప్పాలె? సర్కారు ఫెలోషిప్ అది. పరిశోధన చేసేటోళ్ళందరికీ ఇస్తరు."

"సర్కారా, కరెంటోళ్ళా?"

ఉజ్వలకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థం కాక నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది.

"నవ్వు!" సారక్క ముందుకొచ్చింది. "నా కొడుకును మింగి నవ్వు! ఎవరితోని ఒప్పందం జేసుకున్నవే? ఓంప్రకాష్‌గాడేనా మధ్యల ఉన్నది?"

"అత్తమ్మా, ఏం మాట్లాడుతున్నరు మీరు?"

"నిన్న నీ సారో ఎవడో ఫోన్ చేసిండు. నేనెత్తిన. లైట్ పోయింది గాని సచిన్ లైన్ జివంత్ ఉన్నదని చెప్పిండు. ఇగ చెప్పు. ఏ లైన్ అది? ఎవడు చాలూ జేసిండు?"

ఇలా అడిగితే కోడలు బెదురుతుందని సారక్క అనుకుంది. ఏడుస్తుందనుకుంది. లేదంటే ఎదురు తిరిగి అరుస్తుందనుకుంది. ఈ మూడింటికీ సిద్ధపడే ఉంది.

ఉజ్వల మొహం విప్పారింది.

"బతికే ఉందా?" అంది. చేతిలో చీర జారిపోయింది. "నిజంగ సారే చెప్పిండా? బతికే ఉందన్నడా?"

రెండు రోజులుగా అన్నం సహించని మనిషి, పిలిస్తే ఉలిక్కిపడుతున్న మనిషి, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వుతోంది. సారక్క ఒక అడుగు వెనక్కి వేసింది. తప్పు దొరికిపోయినవాళ్ళు ఇలా నవ్వరు. మరి ఇది ఎందుకు నవ్వుతోంది?

"చూసినవా మాధవీ? చూసినవా దాని మొఖం?"

ఆ మాటతో ఉజ్వల ఉలిక్కిపడింది. తానెక్కడుందో, ఎవరి ముందు నవ్విందో అప్పుడు గుర్తొచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మొహం ముడుచుకుంది.

"ఏ లైన్ వదినె?" అంది మాధవి.

ఉజ్వల జారిన చీరను మళ్ళీ మడత పెట్టసాగింది.

"నోరు తెరువు. ఏ లైన్?"

"అది... మీరనుకునే లైన్ కాదు. ఆ సంగతి ఇప్పుడడగకుండ్రి. దండం పెడత."

"ఎందుకడగద్దు?"

"అత్తమ్మ తట్టుకోలేదు."

లచ్చయ్య దగ్గడం మానేశాడు. సారక్క అది గమనించింది. ఇంత గొడవలో ఆ మనిషికి దగ్గు రాకపోవడమేమిటి?

మాధవి ఉజ్వల ఫోన్ అందుకుంది. నిన్నటి నంబరు వెతికి, నొక్కి, స్పీకర్ పెట్టింది. ఉజ్వల ఆపలేదు. ఆపాలని చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"హా ఉజ్వలా, బయలుదేరావా?" అవతలి నుంచి మరాఠీలో పెద్దాయన గొంతు. నిన్నటి గొంతే.

"నేను ఉజ్వల ఆడబిడ్డను," అంది మాధవి, తానూ మరాఠీలోనే. "మా అమ్మ కూడా ఇక్కడే ఉంది. నిన్న ఫోన్ ఎత్తింది మా అమ్మే. సచిన్ మా అన్న. మా అన్న లైన్ బతికే ఉందన్నారట. అదేంటో చెప్పండి."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"అయ్యో," అన్నాడాయన. "నిన్న మాట్లాడింది ఉజ్వల కాదా? నాది పెద్ద పొరపాటు. క్షమించండి. తాయీ, ఈ సంగతి చెప్పాల్సింది నేను కాదు. ఉజ్వల చెప్పాలి. ఉజ్వలా, వింటున్నావా? ఇంట్లో చెప్పే ఉంటావనుకున్నాను."

"చెప్పలేదు వైరాగడే సర్," అంది ఉజ్వల.

"మరి ఇప్పుడు చెప్పు. దాచిపెట్టి ఇక్కడికి రావద్దు. నేను ఫోన్ పెట్టను. ఏమన్నా అడగాలంటే అడగమను."

ఉజ్వల లేచింది. సారక్క కాళ్ళ దగ్గరికొచ్చి కూర్చుంది.

"అత్తమ్మా, నాగపూర్‌ల ఆపరేషన్ అయినప్పుడు సచిన్ తలలకెళ్ళి గడ్డ తీసిన్రు గదా. దాంట్ల చిన్న ముక్కను పరిశోధనకు ఇస్తరా అని అడిగిన్రు. ఇచ్చినం. ఆ ముక్కను పుణెకు తీసుకపోయి అద్దం గిన్నెల పెట్టిన్రు. వెచ్చటి పెట్టెల, గుడ్లు పొదిగేటట్టు. మస్తు మందివి పెట్టిన కొద్ది రోజులకే చచ్చిపోతయి. సచిన్‌ది చావలే. పెరుగుకుంట వచ్చింది. ఒకటి రెండైంది, రెండు నాలుగైంది. అట్ల ఒకే గడ్డకెళ్ళి వచ్చిన వంశాన్ని వాళ్ళు లైన్ అంటరు. అక్కడ పేర్లుండయి, నంబరే ఉంటది. సారు నా కోసమే సచిన్ పేరు పెట్టి చెప్పిండు."

సారక్క ఆమె నోటి వంకే చూస్తోంది. ఒక్కొక్క మాటా చెవిలో పడుతోంది. పడ్డది పడ్డట్టే ఉంటోంది, లోపలికి దిగడం లేదు.

"మొన్న అక్కడ కరెంటు పోయిందట. జనరేటర్ గూడ నడవలే. పెట్టె చల్లబడ్డది. అన్నీ పోయినయనుకున్నం. దాని మీదనే నా పరిశోధన అంత. అది పోతే నా సీటుకు అర్థమే లేదు. గందుకే నాకు అన్నం పోలే. నిన్న సారు చెప్పింది... అది బతికే ఉన్నదని."

"ఏది బతికే ఉన్నది?"

"సచిన్ గడ్డ."

మాధవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సారక్క మెల్లగా సందూకు మీద కూర్చుంది. స్తంభం లేదు, షాక్ లేదు, ఓంప్రకాష్ లేడు. రెండేళ్ళుగా ఆమె పట్టుకుని నిలబడ్డ గోడ ఒక్క మాటతో కూలిపోయింది. దాని వెనక ఇంత ఘోరం ఉందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"అబద్ధం," అంది. "గడ్డ లేదు. నా కొడుకుకు గడ్డ లేదు."

"ఉన్నది."

ఆ మాట అన్నది లచ్చయ్య. మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఉన్నది. నేను చూసిన. డాక్టరు స్కాన్ల వేలు పెట్టి చూపిచ్చిండు. నిమ్మకాయంత ఉన్నది. ముక్క ఇస్తరా అని అడిగినప్పుడు నేనక్కడనే ఉన్న. ఇయ్యమన్నది గీ పిల్ల కాదు. సచిన్‌గాడే. మాట సరిగ వస్తలేకుండె వానికి. అయినా అన్నడు. తీసుకోమను, నాకు దాంతోని పనేముంది అన్నడు. నవ్విండు గూడ."

సారక్క మొగుడి వైపు తిరిగింది. ముప్పై ఏళ్ళకు పైగా కాపురం చేసిన మనిషిని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"ఆనాడు లైన్..."

"బందే ఉండె. తప్పు ఎవ్వనిదీ లేదు."

"నీకు తెలుసు."

"తెలుసు."

"నేను ఓంప్రకాష్ ఇంటి ముంగట మన్ను చల్లొచ్చిన్నాడు నీకు తెలుసు. వాని పిల్లలను శపిచ్చిన్నాడు నీకు తెలుసు. గీ పిల్లను అనరాని మాటలంటుంటే..." ఆమె కోడలి వంక చెయ్యి చూపింది. "గోడ దిక్కు తిరిగి దగ్గుకుంట పన్నవు. ఎందుకు చెప్పలే?"

"చెప్పిన. మొదట్ల చెప్పిన. నువ్వు ఇనలే." లచ్చయ్య తల దించుకున్నాడు. "వాడు పోయినంక నువ్వు మంచం పట్టినవు. తినకపోతివి, లేవకపోతివి. ఒకనాడు ఓంప్రకాష్‌ను తిట్టుకుంట లేచినవు. తిట్టుకుంటనే సంతకు పోయినవు. ఎవరినో ఒకరిని తిట్టుకుంటన్న బతుకుతదిలే అని ఊకున్న."

మాధవి గోడకు ఆనుకుని ఏడుస్తోంది. అన్న చచ్చిపోయినప్పుడు కూడా ఆమె ఇలా ఏడవలేదు.

సారక్కకు ఏడుపు రాలేదు. కోపం కూడా ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు. కోడలి మీద పెట్టుకుందామంటే కోడలిది తప్పు కాదు. మొగుడి మీద పెట్టుకుందామంటే ఆ ముసలిమొహం చూస్తే చేతకావడం లేదు. మిగిలింది ఆ అద్దం గిన్నెలోది ఒక్కటే.

"వంశమన్నవు," అంది కోడలితో.

"అవునత్తమ్మా."

"నా కొడుకు వంశం నిలబడలే. వాన్ని మింగినదాని వంశం నిలబడ్డదా?"

ఉజ్వల కొంగు కొస వేలికి చుట్టుకుంది. పెళ్ళయిన మూడేళ్ళలో కడుపు పండలేదని అత్త ఒక్కసారీ దెప్పలేదు. ఇప్పుడు కూడా దెప్పడం లేదని ఆమెకు తెలుసు. అందుకే ఎక్కువ బాధగా ఉంది.

"అది తింటదా?"

"ఏంది?"

"పెరుగుతదన్నవు గదా. తినకుండ ఎట్ల పెరుగుతది?"

"తింటది. ఎర్రటి నీళ్ళ లెక్క ఒకటుంటది. అండ్ల అన్నీ కలిపి ఉంటయి. రెండు మూడు రోజులకోసారి మార్చి పోస్తరు."

"ఎవరు పోస్తరు?"

"ఇప్పుడు వేరేటోళ్ళు. నేను పోయినంక నేను."

సారక్క తల ఊపింది. పోయినేడు పెత్రమాస అమావాస్యకు కొడుకు పేరు మీద విస్తరి వేసి, వాడికి ఇష్టమైన గోంగూర పప్పు పెట్టి, కాకి ముట్టేదాకా ఎండలో నిలబడింది. అది ముట్టకపోతే ఏడ్చింది. అదే రోజు పుణెలో ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు వాడి ముక్కకు తిండి పెడుతున్నారు. అది తింటోంది. ఈ సంగతి ఆలోచిస్తే సారక్కకు రోత పుట్టింది. కానీ ఆ రోత కిందనే, ఎంత తోసినా పోకుండా, ఇంకోటి ఉంది. తన కడుపున పుట్టినవాడిలో ఒక ముక్క ఈ లోకంలో ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని ఒక్కసారి చూడాలనిపించింది. ఆ కోరిక పుట్టినందుకు ఆమెకు తన మీదే అసహ్యం వేసింది.

"పోయినంక దాన్ని ఏం చేస్తవు?"

"మందులు పెట్టి చూస్తం. ఏ మందుకు ఎందుకు లొంగుతలేదో చూస్తం. ఇసొంటి గడ్డ వచ్చినోళ్ళు ఇప్పుడు ఎక్కువ రోజులు బతుకుతలేరు. లొంగే మందు దొరికితే..."

"దొరికితే?"

"దొరికితే అది చచ్చిపోతది అత్తమ్మా. చస్తేనే మందు పనిచేసినట్టు."

సారక్క చాలాసేపు కోడలి మొహంలోకి చూసింది. మోసం ఉందేమోనని వెతికింది. రెండేళ్ళ అలవాటు అంత తొందరగా పోదు కదా. కానీ ఆ మొహంలో నిద్రలేని కళ్ళు తప్ప ఏమీ దొరకలేదు.

"అయితే నువ్వు పోయేది నా కొడుకును బతికించనీకా, సంపనీకా?"

ఉజ్వల రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

"ఉజ్వలా?" ఫోనులోంచి వైరాగడే సారు గొంతు. ఆయన ఇంకా అక్కడే ఉన్న సంగతి అందరూ మరిచిపోయారు. ఆయనకు తెలుగు రాదు. "మావ్‌శీ, అదే, మీ అత్తగారు ఏదో అడుగుతున్నారు. ఏమంటున్నారు?"

ఉజ్వల తల ఎత్తలేదు. మాధవి చెప్పబోయి వెక్కుతూ ఆగిపోయింది. ఆ ప్రశ్నను మరాఠీలో పెట్టడం వాళ్ళిద్దరికీ చేతకాలేదు.

సారక్కకు చేతనైంది. సంతలో ఇంతకాలం మరాఠీవాళ్ళతో బేరాలాడిన నోరు ఆమెది. ఫోను అందుకుని నోటి దగ్గర పెట్టుకుంది. మరాఠీలో, ఒక్కొక్క మాటా విడివిడిగా, చెవిటివాడికి చెప్పినట్టు చెప్పింది.

"సాబ్, నేను సచిన్ తల్లిని. నా కొడుకును మింగింది అదే. నా కొడుకుది మిగిలింది కూడా అదొక్కటే. అది చస్తే ఇంకొక తల్లి కొడుకు బతుకుతాడంటోంది మా పిల్ల. మంచిదే. కానీ మందు పెట్టి దాన్ని చంపే చెయ్యి సచిన్ పెళ్ళాం చెయ్యే కావాలా? ఇంకెవరూ దొరకలేదా మీకు?"

"మావ్‌శీ..." అన్నాడాయన.

"తొందరేం లేదు. ఆలోచించుకుని చెప్పండి," అంది సారక్క. "మీరు చెప్పేదాకా నా కోడలు బండెక్కదు."